తలుపుకి పచ్చ అట్ట

తైమి ఉన్నచోట ఉండే మనిషి కాదు. డెబ్భై దాటినా కాలుగాలిన పిల్లిలా తిరగాల్సిందే. వయసులో ఉన్నప్పుడు కెనడాలో, థండర్ బే ఊరి అవతలి అడవుల్లో, కలప నరికే క్యాంపుల్లో వంట చేసింది. తెల్లారేసరికి క్యాంపు క్యాంపంతటికీ అట్లు పోసిన చెయ్యి, ఒక్క మనిషికి ఒక్క గిన్నెడు జావ కాచుకుని ఊరుకోమంటే ఎలా ఊరుకుంటుంది? మొగుడు పోయాక ఈ వృద్ధుల అపార్ట్‌మెంటులో అద్దెకి దిగింది. దిగిన నాటినుంచీ లాండ్రీ గదిలో ఎవరి బట్టలు ఎంతసేపు మిషన్‌లో ఉండిపోయాయో, గుమ్మం ముందు మంచు ఎవరు తీయలేదో అంతా ఆమెకే కావాలి. అందుకే అద్దెదారుల సలహా కమిటీకి మనుషులు కావాలని నోటీసు అంటించగానే, "ఆ తైమిని వేసెయ్యండర్రా, మన ప్రాణం తియ్యడం మానేసి ఆఫీసు వాళ్ళ ప్రాణం తీస్తుంది" అని అందరూ ఒక్కమాట మీద ఎన్నుకున్నారు. జీతం లేదు, భత్యం లేదు. మీటింగుల్లో కాఫీ మాత్రం ఉంటుంది. అదీ తైమే కాయాలి.

పచ్చ అట్ట ఆలోచన ఆమెదే. అంతకు ముందు చలికాలం రెండో అంతస్తులో ఒక ముసలాయన కుర్చీలోనే పోతే ఎన్నో రోజులదాకా ఎవరికీ తెలియలేదు. ఆ భవనంలో ఎక్కువమంది ఫిన్లండు నుంచి వచ్చిన వాళ్ళు. పిలవని తలుపు తట్టడం కన్నా చలిలో బయట నిలబడటం నయమనుకునే జాతి. వాళ్ళకి తట్టకుండానే సంగతి తెలిసే ఉపాయం కావాలి. రాత్రి పడుకునే ముందు ఎవరి పచ్చ అట్ట వాళ్ళు తలుపు పిడికి బయట తగిలించాలి. పొద్దున లేచి లోపలికి తీసుకోవాలి. పొద్దెక్కినా అట్ట వేలాడుతుంటే ఆ అంతస్తు కమిటీ మనిషి తలుపు కొడుతుంది. పలక్కపోతే మేనేజర్ తాళంచెవి తెస్తుంది.

"మా ఇళ్ళని హోటలు గదులు చేసేశావు కదే తైమీ. రేపట్నుంచి తువ్వాళ్ళు మార్చడానికి కూడా వస్తావా?" అన్నాడు రెయినో. ఒకప్పుడు రంపం పట్టి అడవిలో పనిచేసినవాడు, ఇప్పుడు కమిటీలో ప్రతిదానికీ అడ్డం పడటమే పనిగా పెట్టుకున్నాడు.

"నీ తువ్వాలు ముట్టుకోవాలంటే ముక్కు మూసుకుని రావాలి రెయినో. నా వల్ల కాదు."

మేనేజర్ బెర్నడెట్‌కి ఆలోచన నచ్చింది. ఆవిడ ఇంకో నియమం కలిపింది. ఏ జబ్బూ లేకుండా ఊరికే అట్ట తీయడం మరిచిపోతూ ఉంటే, ఆ మనిషి ఒంటరిగా బతకగలరా లేదా అని ఆఫీసు పరీక్ష చేయిస్తుంది. మంచిదే కదా అని ఆ రోజు తైమి తలూపింది. ఆ తలూపుడుకి తర్వాత ఎన్నిసార్లు తనని తాను తిట్టుకుందో.

ఎందుకంటే మరిచిపోవడం మొదలుపెట్టింది ఇర్యా.

ఇర్యాది ఎదురు ఫ్లాటు. ఇద్దరూ పెళ్ళికాని పిల్లలుగా ఒకే ఓడలో ఈ దేశం వచ్చారు. తైమి అడవికి పోతే ఇర్యా ఊళ్ళో కుట్టుమిషను పెట్టుకుని సగం ఊరి పెళ్ళికూతుళ్ళకి గౌన్లు కుట్టింది. తైమి నోరు ఎంత పెద్దదో ఇర్యా మాట అంత చిన్నది. మొదటిసారి ఆమె అట్ట పొద్దెక్కినా వేలాడుతుంటే తైమి తలుపు బాదింది. ఇర్యా కాఫీ కప్పుతో వచ్చి తీసి, "ఏమైందే, ఇల్లు తగలబడుతోందా?" అంది. రెండోసారీ అంతే. ఆ తర్వాత ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. ఈ రోజు ఏ వారం అని అడిగింది, కాగితం మీద గడియారం గీయమంది.

ఆవిడ వెళ్ళాక ఇర్యా తైమిని లోపలికి పిలిచింది. "ముళ్ళు గీశానే, కానీ అంకెలన్నీ ఒక పక్కకే పోయాయి. తైమీ, మా అక్కని వేసిన ముసలాళ్ళ హోమ్ నువ్వూ చూశావుగా. తలుపుకి లోపల గడియ ఉండదు. ఎవరు పడితే వాళ్ళు వచ్చి దుప్పటి ఎత్తి చూస్తారు. నేనక్కడ ఉండలేను."

"నిన్నెవడు పంపుతాడు? నేను కమిటీలో ఉన్నాను కదా," అంది తైమి. అంది గానీ, ఇంకోసారి అట్ట కనిపిస్తే కమిటీ కాదు కదా దేవుడు దిగివచ్చినా ఆపలేడని ఆమెకి తెలుసు.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే తన అంతస్తు చుట్టి వచ్చేటప్పుడు, ఇర్యా తలుపుకి అట్ట ఉంటే తైమే తీసి తలుపు కింది సందులోంచి లోపలికి తోసేది. తోసి, ఎవరైనా చూస్తారేమోనని గబగబా వెళ్ళిపోయేది. ఇర్యా దాని గురించి అడగలేదు, తైమి చెప్పలేదు. కమిటీ వాళ్ళు రోజూ నింపే పుస్తకంలో మాత్రం 'అందరూ క్షేమం' అని రాసేది. తప్పని తెలుసు. స్నేహితురాలి గూడు కాపాడటం అంతకన్నా పెద్ద తప్పేం కాదులే అని సర్దిచెప్పుకునేది. సర్దిచెప్పుకున్న కొద్దీ మనసు ఇంకా కుదురు తప్పేది. కుట్టుపని తీసి మధ్యలో పడేసేది, సగం తాగిన కాఫీ ఒలకబోసేది, లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కేది.

అలా చలికాలం సగం గడిచింది. పెద్దాఫీసు వాళ్ళు పచ్చ అట్టల సంగతి విని, మిగతా భవనాల్లో కూడా పెడదామా అని చూడటానికి వస్తామన్నారు. వాళ్ళొచ్చే రోజు పొద్దున తైమికి ఊపిరాడలేదు. కుర్చీలు సర్దాలి, కాఫీ కాయాలి, మెడలో పూసలదండ వేసుకోవాలి. అంతస్తంతా సుడిగాలిలా చుట్టింది. ఇర్యా అట్ట పీకింది, సందులోంచి తోసింది, కిందికి పరుగెత్తింది.

కమిటీ గదిలో టై కట్టుకున్నాయన బుద్ధిగా రాసుకుంటున్నాడు. "ఇప్పటిదాకా ఎక్కడైనా పొరపాటు జరిగిందా?"

"మా అంతస్తులో ఒక్కటంటే ఒక్కటి లేదు," అంది తైమి. అందరూ చప్పట్లు కొట్టారు. రెయినో కూడా కొట్టాడు.

కప్పుల్లో కాఫీ వంచుతుంటే ఆవిరి ముక్కుకి తగిలింది. తైమి చెయ్యి ఆగిపోయింది. పొద్దున పైన ఈ వాసన లేదు. చెవులు వినిపించకపోయినా, కళ్ళు కనిపించకపోయినా, ఆ నడవాలో ఇర్యా లేచిందని కాఫీ వాసనే చెబుతుంది. ఇవాళ ఆ వాసన లేదు.

"అవునూ, ఇర్యా ఏది? ఏలకుల రొట్టె తెస్తానంది, దానికోసమే నేను పొద్దున ఏమీ తినలేదు," అన్నాడు రెయినో.

"ఆవిడ అట్ట లోపలే ఉందిగా తైమీ?" అంది బెర్నడెట్.

"ఉంది. లోపలే ఉంది." తేలు కుట్టిన దొంగకి కూడా అంత బాధ ఉండదు.

"అయితే బాగానే ఉన్నారు. వస్తారు లెండి." బెర్నడెట్ పెద్దాఫీసాయన వైపు తిరిగి నవ్వింది. "చూశారా, ఎవరినీ విసిగించక్కర్లేదు. అట్టే చెబుతుంది."

తైమి కాఫీ కూజా అక్కడే పెట్టి పైకి పరుగెత్తింది. తలుపు తట్టింది, బాదింది, పేరు పెట్టి అరిచింది. లోపల అలికిడి లేదు. మోకాళ్ళ మీద వంగి సందులోంచి చూసింది. పచ్చ అట్ట అంచు తాను తోసిన చోటే ఉంది. దాన్ని ఎవరూ ఎత్తలేదు.

కిందికి వచ్చి ఆయాసంతో, "తాళంచెవి ఇవ్వండి," అంది.

"తైమీ, అట్ట లోపల ఉన్నప్పుడు చెప్పాపెట్టకుండా ఒకరి ఇంట్లోకి ఎలా వెళ్తాం? చట్టం ఒప్పుకోదు, ముందురోజే కాగితం ఇవ్వాలి. అట్ట బయట ఉంటేనే అత్యవసరం. ఆ మాట రాయించింది మీరే కదా. ఆవిడ షాపుకి వెళ్ళి ఉంటారు."

షాపుకి వెళ్ళి ఉంటుందేమో. తైమి మనసు ఆ మాటని గడ్డిపోచలా పట్టుకుంది. నోరు విప్పిందా, ఇర్యా ఇల్లు పోయినట్టే. విప్పకపోతే? ఇంకాసేపు ఆగితే? ఇర్యా రొట్టె పట్టుకుని ఇప్పుడే వస్తే? కానీ ఆగడం తైమికి ఎన్నడూ చేతకాలేదు.

"ఆ అట్ట ఇర్యా తీయలేదు," అంది. "నేను తీశాను. ఇవాళొక్కటే కాదు. రోజూ నేనే తీస్తున్నాను."

టై కట్టుకున్నాయన రాయడం ఆపేశాడు. అందరికన్నా ముందు రెయినో లేచాడు. "తాళంచెవి ఇవ్వమ్మా. చట్టం తర్వాత చదువుకుందాం."

ఇర్యా స్నానాలగది గుమ్మంలో పడి ఉంది. రాత్రి గౌనుతోనే ఉంది. ఒక కాలు పక్కకి మెలిపడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. తైమిని చూసి పెదవులు కదిపింది గానీ మాట రాలేదు.

"మాట్లాడకు, మాట్లాడకు. నేనున్నా," అంటూ తైమి తన స్వెటరు తీసి ఆమె మీద కప్పింది. కప్పి, తీసి, మళ్ళీ కప్పింది. అంబులెన్సు వచ్చేదాకా ఆ చేతులు ఆగలేదు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే అయింది. ఇర్యాని మళ్ళీ ఒంటరిగా ఉంచడం మాత్రం కుదరదని ఆఫీసు తేల్చేసింది. బెర్నడెట్ ఒక్క కటువైన మాట అనలేదు. కటువుగా అనుంటే తైమికి కాస్త తేలికయ్యేది.

తైమి ఆసుపత్రికి వెళ్ళేసరికి ఇర్యా దిండుకి ఆనుకుని ఉంది. వెళ్ళీ వెళ్ళగానే తైమి దుప్పటి సర్దింది. నీళ్ళు పోసింది. కిటికీ తెర లాగింది, మళ్ళీ తోసింది. నోరు మాత్రం ఆగలేదు. "వాళ్ళు అన్నంత మాత్రాన అయిపోయిందా? నేను పెద్దాఫీసుకి వెళ్తాను. రెయినో కూడా వస్తానన్నాడు. పొద్దున ఒక నర్సు, సాయంత్రం ఒక నర్సు వస్తే నువ్వు ఎందుకు ఉండలేవు? కమిటీలో పెట్టించి..."

"కూర్చోవే," అంది ఇర్యా. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"ఉండు, ఈ పూలకి నీళ్ళు..."

"తైమీ. కూర్చో."

తైమి కుర్చీ అంచున కూర్చుంది.

"నేను పడింది తెల్లారుజామున," అంది ఇర్యా. "కదల్లేకపోయా. భయం మాత్రం వెయ్యలేదు. అట్ట బయట ఉంది, పొద్దున తైమి వస్తుంది అనుకున్నా. వచ్చావు. నీ అడుగులు నాకు తెలియవా? బతికిపోయా అనుకుని పిలిచా. అట్ట లోపలికి జారింది. నువ్వు వెళ్ళిపోయావు."

"వినపడలేదే," అంది తైమి.

"వినపడదు. నువ్వు ఆగితే కదా." అందులో కోపం లేదు. కళ్ళు మూసుకుని చెయ్యి మాత్రం దుప్పటి మీదకి చాచింది. "ఆ తర్వాత కూడా పిలుస్తూనే ఉన్నా. గొంతు పోయేదాకా."

తైమి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, ముఖం దాని మీద ఆన్చి ఏడ్చింది. లేచి మందులడగాలని గానీ, దిండు సర్దాలని గానీ అనిపించలేదు. ఇర్యా నిద్రపోయింది. నర్సు వచ్చి ఇక వెళ్ళే వేళయిందని చెప్పింది. తైమి కదల్లేదు.