కోటు జేబులో అస్తరు

పొద్దున్నే జెండా ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను, మధ్యలో ఉన్న పళ్ళెమంత కన్నానికి తెల్లగుడ్డ అతుకు వేద్దామని. అక్టోబరులో రష్యావాళ్ళ మీద తిరుగుబాటు లేచి బుడాపెస్ట్ అంతా జెండాల్లోంచి కమ్యూనిస్టుల సుత్తీ గోధుమకంకీ గుర్తు కోసి పారేస్తుంటే, మా ఆయన గేజా కూడా "కొయ్యవే, ఏం చూస్తున్నావ్!" అన్నాడు. వంటింటి కత్తెరతో నేనే కోశాను. దాన్ని వసారాలో వేలాడదీసి, "నేనే కోశాను" అని మేడంతా చెప్పుకు తిరిగింది మాత్రం ఆయన. ఆ రోజుల్లో తుపాకులు పేలుతుంటే రొట్టెల వరసలో నిలబడ్డది నేను. అది చెప్పుకోదగ్గ సంగతని ఈ ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

ఇప్పుడు రష్యన్ ట్యాంకులు మా వీధి చివరే ఉన్నాయి. కన్నం ఉన్న జెండా ఏ ఇంట్లో కనబడినా అరెస్టేనట. వంతెన దగ్గర సైనికులు మగవాళ్ళ జేబులు బయటికి లాగి మరీ చూస్తున్నారు. మూతపడ్డ ఫ్యాక్టరీకి ఇవాళే మళ్ళీ గేజా ఆ వంతెన దాటి వెళ్ళాలి. వారం నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. కోసిన ఆ ముక్క గేజా కోటు జేబులోనే ఉంది. జేబు చిరిగి తాళాలు జారిపోతున్నాయని గొడవ చేస్తే, వేరే గుడ్డ దొరక్క దాన్నే అస్తరుగా వేసి కుట్టాను. అప్పటికి గెలిచామనుకున్నాం మరి. ఊడదీద్దామంటే చలికి రాత్రిళ్ళూ ఆ కోటు కప్పుకునే పడుకుంటున్నాడు. రెండుసార్లు చెప్పబోయాను. "నీ సూదీ దారం కబుర్లు నాకెందుకే" అన్నాడు.

తలుపు తట్టింది మేడ కాపలామనిషి ఎటెల్కా. లోపలికి వస్తూనే జెండా చూసేసింది.

"ఇది ఎవరు కోశారయ్యా గేజా? పోలీసులు పేరు రాసిమ్మన్నారు."

ఆయన కోటు తొడుక్కుంటూ నా వైపు చూడనైనా లేదు. "మా ఆవిడే. ఫ్యాక్టరీకి పోయేవాణ్ణి, నాకేం తెలుసు?"

అయినా లేచాను. "ఏమండీ, ఆ కోటు ఒకసారి ఇలా ఇవ్వండి. జేబు కుట్టు ఊడింది."

"పరాయివాళ్ళ ముందు ఈ గోలేంటే! అవతల వంతెన మూసేస్తారు" అని మెట్లు దిగాడు.

"ఆ ముక్క ఏది, పిరోష్కా?" అంది ఎటెల్కా.

"పొయ్యిలో వేశాను. కోసింది నేనే, రాసుకో."

కింద వీధి తలుపు కిర్రుమంది. "ఏమండీ" అన్న పిలుపు నోటిదాకా వచ్చింది. కిటికీ తీసి ఒక్క కేక వేస్తే చాలు, ఆయనకి వినిపిస్తుంది.

సూదిలో దారం ఎక్కించుకున్నాను.