మంచం మీదికి వచ్చిన వంతెన

కాలు విరిగి మంచమెక్కిన ఇంజనీరు కోడలికి తను గీస్తున్న వంతెన మీదే బెంగ. దాన్ని గీసే ప్రోగ్రాం ఆఫీసులోని పెద్ద కంప్యూటరు మీదే నడుస్తుంది. ఒళ్ళో ఉన్న పాత ల్యాప్‌టాప్‌తో, మూడో కంట పడని భద్రమైన దారిలో ఆ కంప్యూటరును అందుకుంది. పరీక్షకని ముందు అక్కడి చిన్న ప్రోగ్రాం ఒకటి నడిపింది. తెర మీద రెండు గుండ్రటి కళ్ళు తెరుచుకుని, మౌసు ఎటు కదిలితే అటు చూశాయి.

"ఎవడే వీడు, గుడ్లప్పగించి చూస్తున్నాడు?" అంది అత్తగారు.

"నడిచేది ఆఫీసులో అత్తయ్యా, కనిపించేది ఇక్కడ."

"అయితే ఆ వంతెననూ పిలువు."

పిలిచింది. గీత తర్వాత గీతగా వంతెన మొత్తం తెర మీదికి దిగింది. తిప్పితే గిర్రున తిరిగింది. అత్తాకోడళ్ళు పడీపడీ నవ్వారు. ఆ నవ్వుతోనే కోడలు పైఅధికారికి ఫోన్ చేసింది.

"సార్, వంతెన నా ఒళ్ళో ఉంది. మధ్య స్తంభం కాస్త జరుపుతున్నా."