హార్బర్ ఆఫీసు కొలువు

మా మామ రాజలింగానికి రాయికల్‌లో ఒక పేరుంది: హార్బర్ ఆఫీసరు. వయసులో ఉన్నప్పుడు ఓడెక్కి గల్ఫులోని ఒక దీవికి పోయి, అక్కడి హార్బర్ ఆఫీసులో కొలువు చేసి వచ్చానని చెప్పుకుంటాడు. కల్లు గీసే గౌడకు ఆఫీసులో ఏం కొలువని ఎవరైనా అడిగితే మా అత్త నర్సవ్వే ముందు నవ్వేది.

"చెట్టు గీసుడు కన్న కోతలు కోసుడు అల్కగ" అనేది.

మా ఆయన బాలకిషన్ కూడా విమానంలో అదే దీవికి పోయాడు. యజమాని పాస్‌పోర్టు గుంజుకుని జీతం ఎగ్గొడితే, పారిపోయి దొంగచాటుగా బతికాడు. ఆయన అక్కడికి పోయాక పుట్టిన మా బిడ్డ సంగీత బడికి పోయే ఈడుకొచ్చినా నాన్నను ఫోన్లోనే చూసింది. కాగితాల్లేని వాళ్లను జైల్లో పెట్టకుండా ఇంటికి పంపుతామని అక్కడి సర్కారు చాటినప్పుడు, నేను కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను.

పేర్లు రాసుకునేది ఆ పాత హార్బర్ ఆఫీసులోనేనట. ఓడలు కొత్త రేవుకు మారాక అది గోదాము అయింది, తర్వాత తాళం పడింది, మావాళ్ల కోసం మళ్లీ తెరిచారు. వరండాలో సగం మంది జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మనుషులే. వాకిట్లో ఒక ఖర్జూర చెట్టు.

ఖర్జూరం మన ఈతచెట్టుకు అక్క. బుద్ధున్నవాడైతే తల వంచుకుని వరుసలో కూర్చుంటాడు. మా ఆయన మాత్రం తెల్లవారగానే వంటకత్తి నడుముకు చెక్కుకుని, కల్లు గీద్దామని ఆ చెట్టెక్కాడు. కల్లు ముట్టడమే నేరమైన దేశంలో! ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

సగం ఎక్కేసరికి కాలు ఒక పాత గాటులో పడింది. ఈతచెట్టును గీస్తే మాను మీద మిగిలే గాటు. ఇక్కడ మనవాడెవడు గీశాడని ఆలోచిస్తుండగానే కిందినుంచి కేక వినిపించింది. ముసలి వాచ్‌మన్.

మా ఆయన దిగాడు. పోలీసులకు అప్పజెప్పితే ఇక ఇల్లు లేదు, బిడ్డ లేదు.

"ఎక్కేటప్పుడు చెట్టును ముట్టి కండ్లకద్దుకున్నవు, ఎందుకు?" అని ముసలాయన హిందీలో అడిగాడట.

"అన్నం పెట్టే చెట్టు సాబ్. మొక్కందే ఎక్కం."

ముసలాయన నవ్వాడు. తాను అక్కడ చప్రాసీగా ఉన్నప్పుడు, ఓడ దిగిన రాజా అనేవాడు ఇట్లాగే మొక్కి ఎక్కి, ఇట్లాగే దొరికిపోయాడట. ఆఫీసరు పోలీసులను పిలవకుండా శిక్ష తానే వేశాడు. యజమాని వచ్చి తీసుకుపోయేదాకా చెట్టుకు నీళ్లు పోయాలి, ఎండుమట్టలు కొట్టాలి.

"నీకూ అదే శిక్ష" అన్నాడు వాచ్‌మన్. రాజా ఎవరో మా ఆయనకు అప్పుడే అర్థమైంది. ఇంటికి పోయే కాగితం చేతికొచ్చేదాకా నోరెత్తకుండా నీళ్లు మోశాడు.

ఇంటికి వచ్చిన రోజు, కాళ్లైనా కడుక్కోకుండా తండ్రి ముందు కూర్చున్నాడు.

"నాయినా, నేను గూడ హార్బర్ ఆఫీసుల కొలువు చేసి అచ్చిన."

మామ గతుక్కుమన్నాడు. "ఏం కొలువురా?"

"నీ కొలువే. చెట్టుకు నీళ్లు పోసుడు."

అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మామ కూడా నవ్వాడు, నవ్వుతూనే కండ్లు తుడుచుకున్నాడు.

"గా చెట్టు ఇంక ఉన్నదారా?"

"ఉన్నది. కాస్తున్నది." మా ఆయన సంచీలోంచి వాచ్‌మన్ ఇచ్చిన ఖర్జూరాలు తీశాడు.

సంగీత అప్పటిదాకా నా వెనకే దాక్కుంది. మామ దాన్ని ముందుకు లాగాడు.

"పో బిడ్డా, మీ నాయిన చేతులకెల్లి తీసుకో" అన్నాడు.

అది నా కొంగు వదిలిపెట్టి పోయింది.