వంకర పుల్పిట్

సత్యం ఒక్కటి కాదని ఎవరైనా అంటే చాలు, వడ్రంగి పెద్దాయన ఒంటికాలి మీద లేచేవాడు. చర్చిలో ఆయన సంఘపెద్ద. కాలేజీలో పాఠాలు చెప్పే అల్లుడేమో "ఎవరి నిజం వాళ్లది మావయ్యా" అనే రకం. ఆదివారం భోజనాలు ఈ గొడవతోనే చల్లారిపోయేవి. అత్తగారు ఇద్దరికీ కూర వడ్డిస్తూ, "ఆకలి మాత్రం ఇద్దరికీ ఒక్కటే" అనేది.

ఈమధ్య పాస్టరుగారు నిలబడి ప్రసంగించడానికి పెద్దాయన కొత్త పుల్పిట్ చేశాడు. ఆదివారం దాని ప్రతిష్ఠ. దాని దగ్గర నిలబడి సత్యం గురించి నాలుగు మాటలు చెప్పాల్సిందీ ఆయనే.

శనివారం మధ్యాహ్నం మామా అల్లుళ్లు దాన్ని మోసుకొచ్చి చర్చిలో దించారు. అత్తగారు పైన బైబిలు పెట్టింది. అది నెమ్మదిగా పక్కకి జారి ఆమె చేతుల్లోకే వచ్చింది. మళ్లీ పెట్టింది. మళ్లీ వచ్చింది.

"నేల వాలుగా ఉంది," అన్నాడు పెద్దాయన.

అల్లుడు మావయ్య పనిముట్ల సంచీలోంచి రసమట్టం తీసి నేల మీద పెట్టాడు. గాజుగొట్టంలో బుడగ గీతల మధ్య బుద్ధిగా కూర్చుంది. పుల్పిట్ మీద పెట్టాడు. బుడగ పరుగెత్తి ఓ చివర నక్కింది.

"రసమట్టం పాతది."

"పొద్దున తలుపు దీంతోనే సరిచూశారుగా?"

"నువ్వు నిలబడ్డ చోటినుంచి అలా కనిపిస్తుందిలే. నేను చూస్తే సరిగ్గానే ఉంది."

అల్లుడు పగలబడి నవ్వాడు. "మావయ్యా, అది నా మాట!"

పెద్దాయన ముఖం కందగడ్డ అయింది. కళ్లజోడు పెట్టుకోమని భార్య మొత్తుకుంటున్నా వినకుండా, ఒక పక్క చెక్క వేలి మందాన పొట్టిగా కోసింది ఆయనే. విప్పి మళ్లీ చెయ్యాలంటే వారం పడుతుంది.

అంతలో పాస్టరుగారు వచ్చారు. "అద్భుతం అన్నా! అంచున ఓ బద్ద కొట్టెయ్, బైబిలు జారదు. ఎవరు చూడొచ్చారు?" అనేసి వెళ్లిపోయారు.

పెద్దాయన బద్ద, మేకులు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నలభై ఏళ్ల పేరు. పైగా అల్లుడి ముందు. సిగ్గేసింది, భయమేసింది, చివరికి తన మీద తనకే కోపమొచ్చింది. బద్దని సంచీలో పడేశాడు.

ఆదివారం పుల్పిట్ దగ్గర నిలబడ్డ పెద్దాయన, రాసుకొచ్చిన కాగితాలు జేబులోంచి తియ్యనే లేదు.

"ఈ పుల్పిట్ వంకరగా ఉంది. నిన్న నేలది తప్పన్నాను, రసమట్టానిది తప్పన్నాను, చూసేవాళ్ల కళ్లదన్నాను. తప్పు నాది. సత్యం ఒక్కటేనని మీకిన్నాళ్లూ చెప్పి, అది నా మీదికొచ్చేసరికి రెండు చేశాను. ప్రభువు నన్ను క్షమించాలి, మీరూ క్షమించాలి. విప్పి మళ్లీ చేస్తాను."

ఆడవాళ్ల వరసలోంచి భార్య గొంతు వినిపించింది: "ఈసారైనా కళ్లజోడు పెట్టుకోండి!"

పాస్టరుగారితో సహా అందరూ ఘొల్లుమన్నారు.

ఇంటికొచ్చాక అల్లుడు వాదన పెట్టుకోలేదు. చేతులు కడుక్కుంటూ మెల్లగా అడిగాడు.

"అంతమంది ముందు చెప్పడం కష్టంగా అనిపించలేదా మావయ్యా?"

"ప్రాణం పోయినంత పనయింది," అన్నాడు పెద్దాయన. "అది నా సొంత నిజమే అయితే, నాకు నొప్పి లేకుండా చేసుకునేవాణ్ణి కాదూ?"