నాలుగో కుర్చీ

ఆ హోటల్లో వెలుతురు తక్కువ, పాట ఎక్కువ. ఒక పక్క సోఫాలూ బారూ, ఇంకో పక్క భోజనాల బల్లలు. ఆసియా దేశాల సాస్‌లూ లాటిన్ అమెరికా రొట్టెలూ కలిపి వండటం అక్కడి ప్రత్యేకత. హాలుకీ వంటగదికీ మధ్య గోడలో పొడవాటి కిటికీ ఉంది. దాని వెనక నల్ల ఏప్రన్ కట్టుకుని అక్క నిలబడి ఉంది.

"ఈ చీకట్లో నోరెక్కడుందో తడుముకోవాలేమిటే?" అంది నాయనమ్మ, కుర్చీలో సర్దుకుంటూ.

పక్కనే ఉన్న చెల్లెలు చిన్నదానికి నవ్వు రాలేదు. దాని కళ్ళు నాన్న చేతుల మీదే ఉన్నాయి. అక్క చదువు మధ్యలో ఆపి వంటపనిలో చేరతానన్న రోజు, "నీ చేతి వంట నేను ముట్టను" అన్నాడాయన. అన్నట్టే ముట్టలేదు. అమ్మ పోయినప్పుడు అక్క వచ్చి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పళ్ళతోనే సరిపెట్టుకున్నాడు. అలాంటి మనిషి నిన్న ఉన్నట్టుండి, "అది పనిచేసే చోటికి వెళ్దాం" అన్నాడు. చిన్నది ఫోన్ చేసి చెబితే, "నాన్నే అన్నాడా?" అని అక్క రెండుసార్లు అడిగింది.

వెయిటరు పళ్ళేలు తెచ్చి మధ్యలో పెట్టాడు. చిన్న మొక్కజొన్న రొట్టెల్లో అల్లం, సోయా పట్టించి కాల్చిన చేప. పక్కనే పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపిన అవకాడో.

"ముగ్గురే కదా సార్, ఈ నాలుగో ప్లేటు తీసెయ్యనా?"

"ఉండనీ బాబూ," అన్నాడు నాన్న.

ఆయన తినలేదు. కొడుకు మొదలుపెట్టలేదని నాయనమ్మా తినలేదు. రొట్టెల మీద ఆవిరి తగ్గి, పోయింది. కిటికీలోంచి అక్క ఒకసారి చూసింది, ఇంకోసారి చూసింది. తర్వాత ఇటు వీపు పెట్టి, తుడిచిన గట్టునే మళ్ళీ తుడవసాగింది. చిన్నది నాన్న చొక్కా చెయ్యి పట్టి లాగింది.

"నాన్నా... తినవా?"

"తింటానే. అదొచ్చి కూర్చోనీ." ఆయన ఖాళీ కుర్చీని కొంచెం వెనక్కి జరిపాడు.

అప్పుడు గుర్తొచ్చింది చిన్నదానికి. అందరూ తిన్నాక అమ్మ గిన్నెల అడుగున మిగిలింది తినడం చూసి, వండిన మనిషి కూర్చుంటేగానీ ఎవరూ చెయ్యి పెట్టకూడదని ఇంట్లో రూలు పెట్టింది నాన్నే.

బడిలో మంచినీళ్ళకి వెళ్ళాలన్నా నోరు పెగలని పిల్ల. హాలంతా దాటి వంటగది తలుపు తోసింది.

"అక్కా, నాన్న నీకోసం ఆగాడు."

"నాకోసమా? ఇక్కడ వంటవాళ్ళు కూర్చోరే. మేం తినేది కూడా నిలబడే."

"మర్చిపోయావా? అమ్మ కూర్చునేదాకా మనం..."

అక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఏమ్మా, ఏంటి గొడవ?" అంది పొయ్యి దగ్గరి పెద్ద వంటామె.

"గొడవ కాదండీ. మా అక్క కూర్చోకపోతే మా నాన్న తినడండీ." తన గొంతు అంత గట్టిగా వినబడేసరికి చిన్నది తనే బిత్తరపోయింది.

పెద్దామె అక్కని ఎగాదిగా చూసింది. "మా వాళ్ళకి కూర్చోవడం కూడా వచ్చా? వెళ్ళు. నీ పెనం నేను చూస్తాలే."

అక్క వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. రొట్టెని వేలితో తాకింది. "చల్లారిపోయింది నాన్నా. వేడిగా చేసి తెస్తాను."

"మళ్ళీ లేస్తావా?"

అక్క లేవలేదు. నాన్న రొట్టె అందుకుని కొరికాడు. తల వంచుకుని మెల్లగా నమిలాడు. దవడలు ఆగాక కూడా తల ఎత్తలేదు.

"ఇహ నేను తినొచ్చా, ఇంకెవరైనా రావాలా?" అంది నాయనమ్మ.

నాన్న ఒక రొట్టె తీసి నాలుగో ప్లేటులో పెట్టాడు. అక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కుర్చీలో పూర్తిగా వెనక్కి జరిగి కూర్చుంది.