ఎర్రమూత సీసా

మా రేవులో పడవల మీద బతికే వాళ్ళకి పొద్దున్నే నూడుల్స్ కడుపులో పడకపోతే ఇంజన్ కూడా స్టార్ట్ కాదు. అదీ ఊరికే తింటే సరిపోదు. పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి వెనిగర్‌లో నానేసిన గాజు జాడీ పక్కనుండాలి. అందులోంచి రెండు చెంచాలు గిన్నెలో పడాలి, కళ్ళలో నీళ్ళు తిరగాలి. అప్పుడు గానీ మాకు తెల్లారినట్టు కాదు.

ఆ రోజు జాడీలో మిరపకాయ ముక్కలు మాత్రమే ఉన్నాయి.

"సరుకుల వ్యాను రాకపోతే నన్నేం చెయ్యమంటావే?" అంది నూడుల్స్ బండి పెట్టుకున్న రీయా అత్త. "వెనిగర్ అయిపోయి రెండ్రోజులైంది. నిమ్మకాయ పిండుకుని తిను."

"నిమ్మకాయా? నేనేమన్నా జ్వరమొచ్చి లేచానా అత్తా?" అంది హబ్సా.

హబ్సాకి నలభై దాటాయి. పద్నాలుగేళ్ళుగా స్పీడుబోట్ల మీద గైడు. తలకి ముసుగు, ముసుగు మీద టోపీ, మెడలో ఈల. పొద్దున్న జనాన్ని బోటెక్కించి, నాలుగు దీవులు తిప్పి, కళ్ళద్దాలూ గొట్టాలూ తగిలించి నీళ్ళలోకి దింపి చేపల్ని చూపించి, సాయంత్రానికి ఒడ్డుకి చేర్చడం ఆమె పని. నవ్వించడంలో ఆమెని మించిన వాళ్ళు మా రేవులో లేరు.

గిన్నె అక్కడే పెట్టి చరచరా బోటెక్కింది. మందుల పెట్టె తీసి ఎర్రమూత సీసా పట్టుకొచ్చింది. జెల్లీచేప కుడితే వెంటనే పొయ్యడానికి ప్రతి బోటులోనూ ఉండాల్సిన వెనిగర్ అది. సీసా మొత్తం జాడీలోకి ఒంపేసింది.

"అయ్యో, అది మందు కదే!" అంది రీయా అత్త.

"పద్నాలుగేళ్ళలో ఒక్కసారైనా దీని మూత తీసిన పాపాన పోయామా? పెట్టెలో మురిగే కన్నా మన పొట్టలోకి పోవడం నయం. సాయంత్రం కొత్తది కొని పోస్తాలే."

ఆ తర్వాత తాగే నీళ్ళ క్యాను వంచి సీసాని మెడ దాకా నింపి, ఎర్రమూత బిగించి పెట్టెలో పెట్టేసింది. తనిఖీకి వచ్చే ఆఫీసరు గట్టు మీద నించునే సీసా నిండుగా ఉందో లేదో చూసి పోతాడు. మూత తీసి వాసన చూసిన పాపాన ఏనాడూ పోలేదు. ఇలా చేసింది హబ్సా ఒక్కతే అనుకునేరు! రేవులో ఏ బోటుకి ఆ బోటే ఈ పని చేసింది, ఎప్పుడో ఒకప్పుడు. మేమందరం ఆ పులుపు తిన్నవాళ్ళమే.

కాసేపటికి సరంగు డోలా వచ్చాడు. హబ్సా బోటు నడిపేది ఆయనే. గిన్నెలో మూడు చెంచాలు వేసుకుని, "ఇవాళ పులుపు అదిరిందత్తా!" అన్నాడు. హబ్సా, రీయా అత్త మొహమొహాలు చూసుకుని కిసుక్కున నవ్వారు.

ఎనిమిదిన్నరకి జనం వచ్చారు. మొత్తం ఇరవై ఆరుగురు. చెప్పులన్నీ బుట్టలో వేయించి ఒక్కొక్కళ్ళనీ చెయ్యి పట్టి ఎక్కించింది హబ్సా. అందరికంటే ఆఖర్న, దేశానికి ఈశాన్యం వైపు సముద్రానికి చాలా దూరంగా ఉండే పల్లె నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం ఎక్కారు. అతని పేరు బున్‌సోంగ్, ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ఆమె లమాయి, బడిలో పిల్లలకి వంట చేస్తుంది. ఇద్దరికీ యాభై దగ్గర పడుతున్నాయి. సముద్రం చూడటం ఇద్దరికీ అదే మొదలు.

"చెల్లెమ్మా, ఈ నీళ్ళు నిజంగానే ఉప్పగా ఉంటాయా?" అంది లమాయి.

"నమ్మకం లేకపోతే రుచి చూడక్కా. తక్కువైతే చెప్పు, ఇంకాస్త వేయిస్తాను."

లమాయి నిజంగానే వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. మొహం చిట్లించింది. "పిల్లలు ఇది నోట పెడతారా? ఈ పులుసు పారబొయ్యాల్సిందే!" అంది. బోటంతా ఘొల్లుమంది. బున్‌సోంగ్ అయితే పెళ్ళాం వంకే చూస్తూ చాలాసేపు నవ్వుతూనే ఉన్నాడు.

పదకొండు గంటలకి కో ప్లూ దీవి వెనక, పగడాలుండే చోట లంగరు వేశారు.

"రాత్రి వాన పడింది హబ్సా, జెల్లీచేపలు ఇటు కొట్టుకొచ్చాయేమో," అన్నాడు డోలా. "జనాన్ని దింపే ముందు నువ్వోసారి దిగి చూడు."

దిగి చూసింది. బోటు చుట్టూ మునిగి తేలింది. ఆ మాట మాత్రం ఆమె తరఫున ఎవరైనా చెప్పాల్సిందే. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టచ్చు. కానీ మనిషిని చంపే జెల్లీచేపకి రంగుండదు. అది కూడా నీళ్ళలాగే ఉంటుంది.

ఈల ఊదింది. అందరూ దిగారు, ఒక్క లమాయి తప్ప. నిచ్చెన పట్టుకుని కూర్చుండిపోయింది.

"నాకొద్దమ్మా. నేనిక్కడే కూర్చుని చూస్తా."

"ఇంత దూరం వచ్చి బోటు అంచు చూసి వెళ్ళిపోతావా అక్కా? రేపు బడి పిల్లలు అడిగితే ఏం చెప్తావ్? పద్నాలుగేళ్ళలో నేను ఒక్క మనిషినీ పోగొట్టుకోలేదు. ఇదిగో, నా చెయ్యి పట్టుకో."

లమాయి ఆ చెయ్యి పట్టుకుంది. కళ్ళు మూసుకుని దిగింది. మొహం నీళ్ళలో పెట్టింది, వెంటనే ఎత్తింది, మళ్ళీ పెట్టింది. ఈసారి చాలాసేపు ఎత్తలేదు. ఎత్తాక ఆమె మొహం చూడాలి!

"ఏవయ్యోయ్! ఇక్కడ చారల చేపలు! మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు కంచాలు పట్టుకుని వస్తారే, అచ్చం అలాగే మీదికొస్తున్నాయి!"

బున్‌సోంగ్ ఈదుకుంటూ వచ్చాడు. హబ్సా లమాయి చెయ్యి అతనికిచ్చి, అవతల కళ్ళద్దాల్లోకి నీళ్ళెక్కి ఉక్కిరిబిక్కిరవుతున్న ఇంకొకామె దగ్గరికి వెళ్ళింది. పట్టుమని రెండు నిమిషాలు కూడా కాలేదు.

ఆ కేక మనిషి కేకలా లేదు.

హబ్సా తిరిగి చూసేసరికి బున్‌సోంగ్ పెళ్ళాం కాళ్ళ మీద నుంచి ఏవో దారాల్లాంటివి వట్టి చేతులతో పీకుతున్నాడు. లంగరు వేసే నూర్, డోలా కలిసి లమాయిని బోటులోకి లాగారు. రెండు తొడల మీదా, పిక్కల మీదా కర్ర కాల్చి పెట్టినట్టు వాతలు తేలాయి. ఇంకా కొన్ని దారాలు అంటుకునే ఉన్నాయి. లమాయి తల అటూ ఇటూ కొట్టుకుంటోంది.

"హబ్సా! వెనిగర్! వెనిగర్ తే!" అని అరిచాడు డోలా.

హబ్సా పెట్టె తెరిచింది. సీసా తీసింది. అప్పుడు గుర్తొచ్చింది.

మంచినీళ్ళు పొయ్యకూడదని ఆమెకి తెలుసు. ప్రతి ఏడూ సీజను మొదట్లో కొత్త గైడుల్ని కూర్చోబెట్టి ఆ మాట చెప్పేది ఆమే: "మంచినీళ్ళు తగిలితే ఒంటికి అంటుకున్న విషపు ముళ్ళన్నీ ఒక్కసారే పేలతాయి, జాగ్రత్త." ఇప్పుడు నోరు విప్పి ఒక్క మాట అంటే చాలు. సముద్రం నీళ్ళు తోడి పోసినా ఇంత హాని ఉండదు. కానీ బోటులోనూ నీళ్ళలోనూ ఉన్న ఇరవై ఐదుమంది గుడ్లప్పగించి ఆమె చేతిలోని సీసానే చూస్తున్నారు. బున్‌సోంగ్ రెండు చేతులూ జోడించేశాడు. "పొయ్యి చెల్లెమ్మా, తొందరగా పొయ్యి!"

పోసింది.

లమాయి ఒళ్ళు విల్లులా పైకి లేచింది. రెండో కేక మొదటిదాని కంటే ఘోరం. ఆ తర్వాత ఆమె అరవలేదు.

డోలా ముక్కుపుటాలు కదిలాయి. వెనిగర్ పోస్తే బోటంతా గుప్పుమనాలి. ఏ వాసనా లేదు. తడిసిన పలకల వంక చూశాడు, హబ్సా వంక చూశాడు. పొద్దున్న గిన్నెలో పులుపు ఎందుకు అదిరిందో ఆయనకి అర్థమైపోయింది. ఒక్క ఉదుటున రేడియో అందుకున్నాడు.

"కో ప్లూ వెనక ఒకామెని కుట్టింది. ఎవరి దగ్గరైనా వెనిగర్ ఉందా? అసలైన వెనిగర్! త్వరగా చెప్పండ్రా!"

మా యాస వేగంగా మాట్లాడితే ఈశాన్యం వాళ్ళకి ఒక్క ముక్క అంతుపట్టదు. బున్‌సోంగ్ ఆశగా రేడియో వైపే చూస్తున్నాడు.

గరగర మధ్య ఒక బోటు పలికింది. "మాది మొన్ననే తినేశామన్నా."

ఇంకో గొంతు, చాలా చిన్నగా: "మాదీ నీళ్ళేనన్నా."

మూడో బోటు వాళ్ళు రేడియో కట్టేశారు.

డోలా రేడియో విసిరికొట్టి లంగరు తాడు కోయించాడు. అప్పటికి అందరూ బోటెక్కేశారు. స్టీరింగు పట్టుకుంటూ హబ్సా చెవిలో మా యాసలోనే అన్నాడు. "ఒడ్డు చేరేదాకా నోరు మూసుకో. ఈ మాట బయటపడిందంటే లైసెన్సు పోతుంది, బోటు పోతుంది, మన ముగ్గురం జైల్లో కూర్చుంటాం. విన్నావా?"

విన్నది.

ఒడ్డు ఇరవై ఐదు నిమిషాల దూరం. లమాయి పెదాలు నీలంగా మారాయి. ఊపిరి ఆగింది. హబ్సా, నూర్ వంతులేసుకుని గుండె మీద నొక్కారు. బోటు అలల మీద ఎగిరెగిరి పడుతుంటే చేతులు జారుతున్నాయి. "అల్లా, అల్లా" అని లెక్కకి బదులు ఆ పేరే అనుకుంటూ నొక్కింది హబ్సా. ఏ మొహం పెట్టుకుని పిలుస్తున్నానో అని కూడా అనుకుంది.

నూర్ వంతు వచ్చినప్పుడు పక్కకి జరిగి కూలబడింది. బున్‌సోంగ్ ఆమె ఎదుటికి మోకాళ్ళ మీద వచ్చాడు. అతని అరచేతులు రెండూ ఉబ్బిపోయి ఎర్రగా కమిలిపోయాయి. అతనొచ్చి చూపించేదాకా ఆ చేతుల సంగతి ఎవరికీ పట్టలేదు.

"చెల్లెమ్మా," అన్నాడు. "ఓర్చుకోలేకపోతున్నా. ఆ మందు ఒక్క చుక్క నా చేతుల మీద కూడా పొయ్యి. మా లమాయికి కావల్సినంత ఉంచే పొయ్యి సుమా."

సీసాలో అడుగున నాలుగు వేళ్ళంత ఉంది. ఎర్రమూత పలకల మీద దొర్లుతోంది.

స్టీరింగు దగ్గర్నుంచి డోలా వెనక్కి తిరిగి చూశాడు. హబ్సా సీసా అందుకుంది. బున్‌సోంగ్ దోసిలి పట్టాడు.

ఆ దోసిట్లో పొయ్యడానికి ఆమెకి చెయ్యి రాలేదు.

"ఇది మందు కాదన్నా."

"ఆఁ?"

"నీళ్ళు. తాగే నీళ్ళు. మందు పొద్దున్న నేనే తీసి నూడుల్స్‌లో వేసుకు తిన్నాను."

అతనికి అర్థం కాలేదు. దోసిలి అలాగే పట్టుకుని ఉన్నాడు. "నీళ్ళు పోసినా తగ్గుతుందేమోగా?"

"తగ్గదు. ఎక్కువవుతుంది."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు పోశావు?"

"అందరూ చూస్తున్నారన్నా," అంది హబ్సా. ఆ మాట తన చెవులతో తను విన్నాక భోరుమంది.

అతను ఆమెని తిట్టలేదు, కొట్టలేదు. కొట్టినా బాగుండేది. వెనక్కి జరిగి పెళ్ళాం తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. హబ్సా కళ్ళు తుడుచుకోకుండానే మళ్ళీ నొక్కడానికి లేచింది.

రేవులో అంబులెన్సు సిద్ధంగా ఉంది. దించారు, స్ట్రెచర్ మీద పెట్టారు, నొక్కారు, ఏదో సూది పొడిచారు. చాలాసేపు అయ్యాక నర్సమ్మ చేతులు తీసేసి గడియారం చూసుకుంది. దుప్పటి మొహం నిండా కప్పింది. మిగతా ఇరవై నలుగురూ చెప్పుల బుట్ట చుట్టూ బిక్కచచ్చి నించున్నారు.

బండి కట్టేసి ఇంటికెళ్ళిన రీయా అత్త, రేవు రేడియోలో విన్నవాళ్ళు చెప్పగా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఏం తేవాలో తోచక చేతికందింది తెచ్చింది. మిరపకాయల జాడీ.

"పొద్దున్న నువ్వు పోసిందేనే," అంది రొప్పుతూ. "ఎవరూ పెద్దగా తినలేదు. ముప్పాతిక అలాగే ఉంది."

హబ్సా ఆ జాడీ పట్టుకుని బున్‌సోంగ్ దగ్గరికి వెళ్ళింది. ఎలా వెళ్ళిందో ఆమెకే తెలీదు.

"చేతులు పట్టన్నా. మంట తగ్గుతుంది."

అతను జాడీ వంక చూశాడు. "అదేనా?"

"ఇదే."

ఉబ్బిన చేతులతో జాడీ తీసుకున్నాడు. తన చేతుల మీద పోసుకోలేదు. స్ట్రెచర్ దగ్గరికి నడిచి, కాళ్ళ మీద దుప్పటి తొలగించి, తొడల మీద నుంచి మడమల దాకా నెమ్మదిగా, ఒక్క వాత కూడా వదలకుండా మొత్తం పోశాడు. పులుపు వాసన గుప్పుమంది. అంబులెన్సు వాళ్ళు అడ్డు చెప్పలేదు. తరిగిన మిరపకాయ ముక్కలు లమాయి కాళ్ళకి అంటుకుపోయాయి. అవి మంట పుట్టిస్తాయని ఒక్కొక్కటే వేలితో తీసి పక్కన పడేశాడు.