ఒంటిచేతి బాలయేసు

ఒటీలియా వేలు తడిచేసి ఇస్త్రీపెట్టె అడుగున తాకించింది. చుర్రుమంది. కాలరు లోపలివైపు ముందు, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు, చివరికి గుండెల మీది భాగం. తెల్లవారుజామున మొదలుపెట్టిన పని, ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస. డిసెంబరు ఇరవైనాలుగున మా కొండ ఊళ్ళో ప్రతి మగవాడూ పెళ్ళికొడుకే. రాత్రి పూజకు నలిగిన చొక్కాతో వచ్చేవాడు ఒక్కడూ ఉండడు. ఆ ముడతలన్నీ ఒకే మనిషి చేతికింద పోయాయన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

మనిషి పొట్టి. కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. మోచేతుల దాకా పాత వాతలు, కొన్ని తెల్లబడి, కొన్ని ఇంకా ఎర్రగా. జుట్టు మాత్రం ఆవిరికి చెదరకుండా గట్టిగా ముడేసుకునేది.

"ఒటీలియా, మేయరుగారి కోటు ఏమైంది?" అంటూ లాండ్రీ యజమాని ఎలియేసెర్ లోపలికి తొంగిచూశాడు.

"తగిలించే ఉందండీ. కోటు బాగానే ఉంది, మీ మొహమే నలిగిపోయింది. ఇలా పెట్టండి, ఓ గీటు లాగుతాను."

ఆయన నవ్వుతూ పోయాడు. ఆయన పోయాక ఆమె పెట్టె పక్కన నిలబెట్టి ఎడమచెయ్యి చంకలో అదుముకుంది. వారం నుంచీ ఇలాగే పట్టేస్తోంది. చలిగాలికి పట్టిందనుకుంది. కాసేపు ఆగి ఇంకో చొక్కా పరిచింది.

ఆమె ధ్యాసంతా ఇంట్లో ఉన్న ఒక ఉత్తరం మీద ఉంది.

ఇంట్లో ముగ్గురు మనవలు. పదకొండేళ్ళ నొహెమీ, ఎనిమిదేళ్ళ విల్మార్, అయిదేళ్ళ దోరీతా. వాళ్ళ తల్లి సరిహద్దు అవతల కరాకస్ నగరంలో ఇంటిపనికని వెళ్ళింది. రెండేళ్ళుగా పైసా లేదు, కబురు లేదు. మా దగ్గర పిల్లలకు బహుమతులు తెచ్చేది ఎర్రకోటు తాత కాదు, ఆ రాత్రి పుట్టే బాలయేసే. తొమ్మిది సాయంత్రాల ప్రార్థనలు మొదలైన రోజున పిల్లలు కావలసినవి రాసి, ఇంట్లో అమర్చుకున్న బొమ్మల పశువుల పాకలో గడ్డికింద పెడతారు. ఊరంతటికీ ఉన్న ఆచారమే ఇది. ఒటీలియా ఇంట్లో తేడా అల్లా బాలయేసులో ఉంది. జానెడు ప్లాస్టరు బొమ్మ. ఎడమచెయ్యి మోచేతి దగ్గర్నుంచి లేదు. అయిదేళ్ళ కిందట తాత పోయాక, మారుమూల పల్లె వదిలి లారీలో ఈ ఊరు వస్తుంటే దారిలో విరిగి పడిపోయిందని పిల్లలకు చెప్పింది.

"రెండు చేతులుంటే రెండు తెచ్చేవాడు. మనవాడికి ఒకటేనాయె. పైగా ఇవాళే పుట్టాడు. పాపం, ఎంతని మోస్తాడే తల్లీ?" అనేది.

ఆ మాటతో పని జరిగిపోయేది. తలా ఒక్కటి, చేతిలో పట్టేంతది. బొంగరమో, రిబ్బనో, రంగుపెన్సిళ్ళో. ఎదురింటి పిల్లలకు ఏడ్చే బొమ్మలూ, చక్రాల బళ్ళూ వస్తే ఈ పిల్లలు చూసి వచ్చి, "వాళ్ళ బాలయేసుకు రెండు చేతులున్నాయి కదా" అనుకునేవాళ్ళు, అంతే. నిరుడు దోరీతా అక్క చేత రాయించింది: "బరువైనవి తేవద్దు, నీ చెయ్యి నొప్పెడుతుంది." ఊళ్ళో ఎంతమంది తల్లులు పిల్లల్ని కసిరి, కొట్టి, ఆ మర్నాడు తామే ఏడ్చి ఆ పండుగ దాటిస్తారో నాకు తెలుసు. తమకు తక్కువైందన్న మాట ఒటీలియా ఇంట్లో ఒక్క పిల్లా అనలేదు. చదువు రాని మనిషి ఇంత తెలివి ఎక్కడ నేర్చిందో!

ఈ ఏడు విల్మార్ ఆ తెలివికి ఎసరు పెట్టాడు. వాడు సైకిలు అడిగాడు. అంతటితో ఊరుకోక కింద రాశాడు: "మొయ్యక్కర్లేదు. తొక్కుకుంటూ వచ్చెయ్. ఒంటిచేత్తో తొక్కొచ్చు. అబెలార్దో మామ తొక్కుతాడు."

నొహెమీ చదివి వినిపిస్తే ఒటీలియా పడీపడీ నవ్వింది. తర్వాత రాత్రంతా నిద్రపోలేదు. అమ్మ రాకపోవడానికి తనే ఏదో తప్పు చేశానని వాడు ఇప్పటికే అనుకుంటున్నాడు. రెండుసార్లు అడిగాడు కూడా. ఇప్పుడు సైకిలూ రాకపోతే వాడు బరువునూ చేతినీ తప్పు పట్టడు, తననే తప్పు పట్టుకుంటాడు. అది జరగడానికి వీల్లేదు.

సాయంత్రం నాలుగింటికి ఆఖరి చొక్కా మడిచి, ఆమె అబెలార్దో సైకిలుషాపుకి వెళ్ళింది. అప్పటికే వారంపాటు మధ్యాహ్నం తిండి మానుకుని అతని కూతురి గౌనుకి నలభై మడతలు నిలబెట్టింది. బదులుగా అడిగింది ఒకటే.

"బెల్లు ఒక్కటే ఏం చేసుకుంటావక్కా? సైకిలేదీ?"

"వెనకాల వస్తోంది."

"ఎంత వెనకాల?"

"కబుర్లు తర్వాత. ముందు ఆ తుప్పు వదిలించు."

అతను కిరోసిన్ గుడ్డతో తోమి, కొత్త మర బిగించి ఇచ్చాడు. ఒటీలియా ఒక్కసారి మోగించి చూసి, సిగ్గుపడి, జేబురుమాలులో చుట్టి రవికలో దోపుకుంది.

ఇంటికొచ్చి జున్ను బోండాలు వేయించింది. బెల్లంనీళ్ళు కాచింది. పిల్లలు బొమ్మల పాకలో గడ్డి సర్దుతున్నారు. గూట్లో ఉన్న గంజిపొడి డబ్బా వెనకనుంచి బాలయేసును తీసింది. ఆ డబ్బా పిల్లలెవరూ ముట్టుకోకూడదు, గంజి పాడవుతుందని ఆమె ఆజ్ఞ. తెగిన చోట బొటనవేలితో ఒకసారి నిమిరింది.

"అమ్మమ్మా, సైకిలు తొక్కుకుంటూ వచ్చేస్తాడు కదా?" అన్నాడు విల్మార్.

"రావచ్చు గానీ నాన్నా, ఒక్కటి చెప్పు. పురిటిబిడ్డకి కాళ్ళు పెడళ్ళకి అందుతాయంట్రా?"

ఆ సంగతి వాడికి తట్టలేదు. బొమ్మ కాళ్ళు వేలితో కొలిచి చూశాడు. "అయితే ఎలా?"

"ఎలాగో తంటాలు పడతాడు. ముక్క ముక్కగా తెస్తాడేమో. అడిగినవాడివి నువ్వు, కాస్త ఓపిక పట్టవూ?"

"పడతాను," అన్నాడు వాడు, ఎవరికో సాయం చేస్తున్నవాడిలా.

పూజనుంచి వచ్చి పిల్లలు పడుకున్నాక ఆమె ఎవరికి పెట్టవలసింది వాళ్ళ దిండు దగ్గర పెట్టి, తనూ మంచం ఎక్కింది.

తెల్లారి ఊరిని లేపింది చర్చి గంట కాదు. విల్మార్ బెల్లు పట్టుకుని వీధి ఆ కొసనుంచి ఈ కొసకు పరుగెత్తాడు. "బెల్లొచ్చేసింది! నాకోసం మోసుకొచ్చాడు! సైకిలు వెనకాల వస్తోంది!" వాకిళ్ళన్నీ తెరుచుకున్నాయి. తిట్టినవాళ్ళు తిట్టారు, నవ్వినవాళ్ళు నవ్వారు. ఒటీలియా లేవలేదు.

నొహెమీ బెల్లంనీళ్ళ గ్లాసుతో వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ వెచ్చగా ఉండే చెయ్యి అది. ఇవాళ చల్లగా ఉంది.

ఎదురింటి ఆవిడ వచ్చి, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి, మీ అమ్మమ్మ మంచి రవిక ఏదని అడిగారు. రవిక గూట్లోనే ఉంది, ఇస్త్రీ చేసి, మడత పెట్టి. దాన్ని లాగితే గంజిపొడి డబ్బా దొర్లి మూత ఊడింది. అందులో గంజి లేదు, దూది ఉంది. దూది మధ్య వేలెడంత ప్లాస్టరు చెయ్యి ఉంది.

నొహెమీ దాన్ని వెలుతురుకేసి తిప్పి చూసింది. విరిగిన చేతికి అంచు గరుకుగా ఉండాలి. దీనికి నున్నగా ఉంది. రొట్టెల కత్తితో, నెమ్మదిగా, చాలాసేపు కోసినట్టుంది. లారీ లేదు, దారి లేదు. తాత పోయిన ఆ మొదటి క్రిస్మస్‌కు ఇంట్లో ఏమీ లేదని, తామెవరూ చిన్నబోకూడదని, అంత భక్తిగల మనిషి ఈ పని చేసిందని ఆ పిల్లకు అర్థమైంది. ఏడుపు అప్పుడొచ్చింది.

"ఏంటక్కా అది?" అన్నాడు విల్మార్ గుమ్మంలోంచి. చేతిలో బెల్లు.

"గంజిరా. ముట్టుకోకు, పాడవుతుంది," అంది నొహెమీ.

వాడు వెళ్ళాక డబ్బాను మళ్ళీ గూట్లో పెట్టింది. మూత పెట్టబోతూ ఆగింది. దూది మీద ఆ చిన్నచెయ్యి అయిదు వేళ్ళూ చెక్కుచెదరకుండా, అరచెయ్యి పైకి తెరుచుకుని ఉంది.